పోకర్ ఆటగాడికి జీతం ఇచ్చేదెవరు?

పోకర్ గురించి మాట మొదలైతే చాలు, అది తిరిగి తిరిగి ఒకచోటికే వస్తుంది: ఇది అదృష్టమా, నైపుణ్యమా? ఈ వాదనలో మన ఊరికి పాత వాటానే ఉంది. 1963లో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌పై పోలీసులు దాడి చేసి రమ్మీ ఆడుతున్నవాళ్లను పట్టుకున్నారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967 నవంబరులో వచ్చిన తీర్పు సారాంశం ఇది: రమ్మీలో పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏ ముక్క ఉంచుకోవాలో ఏది కొట్టేయాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యపు ఆట, మూడు ముక్కలాటతో కలిపి దాన్ని ఒకే గాటన కట్టకూడదు. తర్వాతి యాభై ఏళ్లలో రమ్మీ, పోకర్ కంపెనీలు ఎప్పుడు కోర్టుకెక్కినా సంచిలోంచి బయటికి తీసిన కాగితం ఇదే.

అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. ఆట ఆడించే క్లబ్బు ఆ ఆట మీద లాభం చేసుకుంటున్నట్టు రుజువైతే అది నేరం కిందికి రావచ్చన్నది. కంపెనీల లాయర్లు ఈ వాక్యం దగ్గర అంతసేపు ఆగరు. పేకాటతోనే ఇల్లు గడుపుకోవాలనుకునేవాడు మాత్రం మొదట ఆగాల్సింది అక్కడే. పోకర్‌లో నైపుణ్యం ఉందా అంటే ఉంది, నాకు అనుమానం లేదు. నిలకడగా గెలిచేవాళ్లు, నిలకడగా ఓడేవాళ్లు వేర్వేరుగా కనబడుతూనే ఉంటారు. కానీ బతుకుదెరువుకి కావాల్సిన ప్రశ్న వేరు. టేబుల్ మీదికి డబ్బు ఎవరు తెస్తున్నారు? లేచేటప్పుడు ఎవరు ఎంత పట్టుకెళ్తున్నారు?

కూర్చున్నందుకే గంటకి 500

తొమ్మిది మంది తలా 20 వేలు పెట్టుకుని కూర్చున్నారనుకోండి. టేబుల్ మీద 1.8 లక్షలు ఉంటాయి. తెల్లారేసరికి ఆ డబ్బు చేతులు మారుతుందే తప్ప రూపాయి కూడా పెరగదు. నిజానికి తగ్గుతుంది, ఎందుకంటే ప్రతి పాట్‌లోంచి, అంటే మధ్యలో పోగైన పందెం డబ్బులోంచి, ఆడించేవాడు తన కమీషన్ తీసుకుంటాడు. దాన్నే రేక్ అంటారు.

100-200 బ్లైండ్ల ఆటనే తీసుకుందాం, అంటే ముక్కలు చూడకముందే ఒకరు 100, ఇంకొకరు 200 (బిగ్ బ్లైండ్) తప్పనిసరిగా పెట్టే ఆట. డీలర్ ముక్కలు పంచే టేబుల్ మీద గంటకి 30 హ్యాండ్లు (పంపకాలు) పడతాయి. హ్యాండ్‌కి సగటున 150 రూపాయల రేక్ వేసుకుంటే గంటకి 4,500, తలకి 500. గెలిచినా ఓడినా, కూర్చున్న పాపానికి ఒక్కొక్కరికి అయ్యే ఖర్చు అది. ఎనిమిది గంటలు ఆడితే 36 వేలు, అంటే టేబుల్ మీదికొచ్చిన డబ్బులో ఐదో వంతు, ఎవరూ ఓడకుండానే మాయమవుతుంది.

ఇప్పుడు గంటకి 1,000 మిగుల్చుకునే ఆటగాడిని ఊహించుకోండి. రేక్ పోను వెయ్యి మిగలాలంటే అతను పక్కవాళ్ల నుంచి గంటకి 1,500 లాగాలి. అది తనలాంటి ఇంకో గట్టి ఆటగాడి జేబులోంచి రాదు. శుక్రవారం రాత్రి ఆఫీసు అయ్యాక సరదాగా వచ్చి, రెండు పెగ్గులు వేసుకుని, చివరి ముక్క ఏం పడుతుందో చూద్దామని డబ్బు కట్టేవాడి జేబులోంచి వస్తుంది. ఆటగాళ్ల భాషలో అతను 'ఫిష్'. ఎదురుగా ఎవరూ అలా పిలవరు. పైగా చాలా మర్యాద చేస్తారు, జోకులకి నవ్వుతారు, ఓడిపోయినా 'బాగా ఆడావన్నా' అంటారు. ఎందుకు చేయరు? జీతం ఇచ్చేది ఆయనే.

కాబట్టి పోకర్ ప్రొఫెషనల్ ఆదాయాన్ని అతని తెలివి ఒక్కటే నిర్ణయించదు. అతని తెలివికీ టేబుల్ తెలివికీ మధ్య ఎంత తేడా ఉందన్నది నిర్ణయిస్తుంది. మీరు గత ఏడాది కంటే బాగా ఆడుతూ ఉండొచ్చు. మిగతా ఎనిమిది మంది మీకంటే వేగంగా నేర్చుకుంటే మీ ఆదాయం పడిపోతుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో పక్క సీటు వాడు బాగా కోడ్ రాసినంత మాత్రాన ఈ నెల మీ జీతం తగ్గదు. ఇక్కడ తగ్గుతుంది.

గెలుపు తగ్గుతుంది, ఊగిసలాట తగ్గదు

ఈ వృత్తి భవిష్యత్తు మొత్తం నా లెక్కలో ఈ ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది, అందుకే అంకెలతో చూపిస్తాను. కొంచెం ఓపిక పట్టండి.

నెలకి 200 గంటలు, అంటే 6,000 హ్యాండ్లు. నో-లిమిట్ హోల్డెమ్‌లో, అంటే పందేనికి పరిమితి లేని పోకర్ రకంలో, ఫలితాలు ఎంత ఊగుతాయో కొలిచే ప్రామాణిక విచలనాన్ని 100 హ్యాండ్లకి 90 బిగ్ బ్లైండ్లుగా తీసుకుందాం. ఆటగాళ్లు మామూలుగా వేసుకునే అంకె దాదాపు అదే. 100-200 ఆటలో అది నెలకి సుమారు 1.4 లక్షలవుతుంది. లెక్క ప్రకారం మీకు ఎంత రావాలో దానికి లక్షా నలభై వేలు అటో ఇటో తేడా రావడం మామూలు సంగతి అన్నమాట.

టేబుల్ మెత్తగా ఉన్న రోజుల్లో మన ఆటగాడు గంటకి 1,000 గెలుస్తాడు, నెలకి 2 లక్షలు. 1.4 లక్షల ఊపు ఉన్నా అతనికి నష్టం వచ్చే నెల పదమూడింట ఒకటే. కొన్నాళ్లకి ఫిష్ తగ్గారు, కూర్చున్న తొమ్మిది మందిలో ఆరుగురు చదువుకుని వచ్చినవాళ్లే. అతని గెలుపు గంటకి 300కి పడింది, నెలకి 60 వేలు. ఊపు మాత్రం అదే 1.4 లక్షలు, ఎందుకంటే ముక్కలు పడే తీరు మారలేదు. ఇప్పుడు ప్రతి మూడు నెలల్లో ఒకటి నష్టంలో ముగుస్తుంది. ఏడాదంతా ఆడినా నష్టపోయే సంవత్సరాలు పదిహేనింట ఒకటి ఉంటాయి.

ఇంటి ఖర్చు కలిపితే అసలు సంగతి బయటపడుతుంది. అద్దె, కిరాణా, పెట్రోలు అన్నీ కలిపి నెలకి 40 వేలు తీస్తాడనుకోండి. దివాలా తీసే ప్రమాదం ఇరవైలో ఒకటికి మించకూడదంటే ఎంత బ్యాంక్‌రోల్, అంటే ఆట కోసమే ఉంచిన డబ్బు, పక్కన పెట్టుకోవాలి? మెత్తని టేబుల్ రోజుల్లో 1.8 లక్షలు సరిపోయేవి. గట్టి టేబుల్ మీద దాదాపు 14.5 లక్షలు కావాలి. ఆటగాడు అతనే, ఇల్లు అదే, బ్లైండ్లూ అవే. అయినా ఎనిమిది రెట్లు పెట్టుబడి. పైగా ఆ పెట్టుబడి సంపాదించిపెట్టేది ఖర్చులు పోను నెలకి 20 వేలు. ఆ డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తే వచ్చే వడ్డీ ఇంతకంటే తక్కువే అనుకోండి, కానీ డిపాజిట్ కోసం ఎవరూ రాత్రిళ్లు మేల్కోరు.

కూకట్‌పల్లిలో ఉండే ఒక కుర్రాడు తన ఎక్సెల్ షీట్ చూపించాడు. తేదీ, గంటలు, బై-ఇన్ (పెట్టింది), క్యాష్-అవుట్ (తీసుకెళ్లింది), టిప్పులు, క్యాబ్. చివరి కాలమ్‌కి 'నిద్ర' అని పేరు పెట్టాడు. ముందు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడో అందులో రాస్తాడు. ఐదుకి తక్కువైతే ఆ గడి పసుపు రంగులోకి మారుతుంది. నీటుగా ఉంది, చాలా కంపెనీల అకౌంట్స్ కంటే నీటుగా. వరసగా మూడు నెలలు ఎర్రగా కనిపించాయి. అడిగితే, "అన్నా, ఇది లాస్ కాదు, రన్ బ్యాడ్" అన్నాడు. అదృష్టం బాగాలేని దశ అని అర్థం. అతని మాట నిజమే కావచ్చు. గంటకి 300 గెలిచే సత్తా ఉన్నవాడు కూడా మూడు నెలలు కలిపి చూస్తే దాదాపు నాలుగింట ఒకసారి నష్టంలోనే ఉంటాడు. నిజం కాకపోవచ్చు కూడా. టేబుల్ తనని దాటిపోయి ఉండొచ్చు. ఆ షీట్‌లో ఉన్న 18 వేల హ్యాండ్లు రెండింటిలో ఏదీ తేల్చలేవు. మామూలు వ్యాపారంలో దెబ్బ తింటున్నామని ఒక సీజన్‌లో తెలుస్తుంది. ఇక్కడ తెలిసేసరికి పొదుపు అయిపోతుంది.

2003లో వచ్చిన వాన

మెత్తని టేబుళ్లు ఒకప్పుడు ఎలా పుట్టాయో తెలిస్తే అవి ఎందుకు తిరిగి రావడం లేదో తెలుస్తుంది. 2003లో అమెరికాలోని టెనెసీకి చెందిన క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్, ఆన్‌లైన్‌లో 86 డాలర్ల అర్హత టోర్నమెంటు ఆడి వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌లో సీటు సంపాదించాడు, చివరికి 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఆ ఏడాది మెయిన్ ఈవెంట్‌లో ఆడినవాళ్లు 839 మంది. మూడేళ్లలో ఆ సంఖ్య 8,773కి ఎగబాకింది. 'వాడికి వస్తే నాకెందుకు రాదు' అనుకున్న లక్షల మంది, ఆట రాకుండానే, డబ్బుతో వచ్చారు. అప్పటికే ఆట తెలిసినవాళ్లకి ఆ కొన్నేళ్లు పండగ. 2006లో అమెరికా ఆన్‌లైన్ జూదం చెల్లింపులపై చట్టం తెచ్చింది. 2011 ఏప్రిల్ 15న అక్కడి ప్రభుత్వం పెద్ద సైట్లపై కేసులు పెట్టి మూయించింది. ఆ రోజుని ఆటగాళ్లు ఇప్పటికీ బ్లాక్ ఫ్రైడే అంటారు.

మన దగ్గర ఆ పండగ ఆలస్యంగా వచ్చింది. 2016లో జియో రాకతో డేటా చవకయ్యింది, యూపీఐతో ఫోన్‌లోనే డబ్బు వేయడం అలవాటైంది, తర్వాత లాక్‌డౌన్‌లో అందరూ ఇళ్లల్లో ఉండిపోయారు. సంక్రాంతికి, దీపావళికి పత్తాలు పట్టే ఇళ్లు మనవి. ఆ అలవాటు యాప్‌లోకి మారడానికి పెద్దగా కష్టపడలేదు.

కానీ ఈలోగా ఆటకి గుట్టు లేకుండా పోయింది. 2015లో కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్లు ఇద్దరు ఆడే లిమిట్ హోల్డెమ్‌ని (పందేనికి పరిమితి ఉన్న రకం) దాదాపు పూర్తిగా ఛేదించారు. 2017లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన లిబ్రేటస్ అనే ప్రోగ్రామ్ 1,20,000 హ్యాండ్లలో నలుగురు ప్రొఫెషనల్స్‌ని చిత్తుగా ఓడించింది. 2019లో ప్లూరిబస్ ఆరుగురి టేబుల్ మీద కూడా అదే పని చేసింది. ఇవి పరిశోధనలు. ఆటగాళ్ల జేబు మీద నేరుగా పడింది మాత్రం సాల్వర్లు. ఏ పరిస్థితిలో ఎంత బెట్ వేయాలి, ఎన్నిసార్లు బ్లఫ్ చేయాలి అని లెక్కగట్టి చెప్పే సాఫ్ట్‌వేర్లు ఇవి. పయోసాల్వర్ 2015లో వచ్చింది. ఇప్పుడైతే నెలవారీ చందా కట్టి ఫోన్‌లోనే చూసుకోవచ్చు. 2005లో ఒక మంచి ఆటగాడు పదేళ్ల అనుభవంతో పోగుచేసుకున్న జ్ఞానం ఈరోజు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం కుర్రాడికి ఒక సెమిస్టర్‌లో అబ్బుతుంది.

హైదరాబాద్ వాళ్లకి దీన్ని బోరు నీళ్లతో చెబితే వెంటనే అర్థమవుతుంది. మొదట ఎవరో వంద అడుగుల్లో నీళ్లు తోడాడు. కాలనీలో అందరూ బోర్లు వేశాక మూడొందలు, ఆరొందలు, వెయ్యి అడుగులు. ప్రతివాడి మోటారూ ముందుకంటే పెద్దదే, ప్రతివాడికీ వచ్చే నీళ్లు ముందుకంటే తక్కువే. సాల్వర్ అంటే పెద్ద మోటారు. అది నీళ్లని పుట్టించదు. పైనుంచి వాన పడాలి, అంటే కొత్తగా, ఆట రాకుండా, సరదాకి ఓడిపోవడానికి సిద్ధపడి జనం రావాలి.

వాన పడే దారి మూసుకుపోయింది

తెలంగాణ ఈ పని 2017లోనే మొదలుపెట్టింది. ఆ ఏడాది జూన్‌లో ఆర్డినెన్స్ తెచ్చి 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించింది. నైపుణ్యపు ఆటలకు ఉన్న మినహాయింపు డబ్బు పణంగా పెట్టి ఆడినప్పుడు వర్తించకుండా చేసింది. సికింద్రాబాద్ క్లబ్బు కేసులో దొరికిన రక్షణ సికింద్రాబాద్‌లోనే లేకుండా పోయింది, చూడండి! 2020లో ఆంధ్రప్రదేశ్ అదే బాట పట్టింది. యాప్‌లు తెలుగు రాష్ట్రాల వాళ్లని ఆపేశాయి. ఆడి తీరాలనుకున్నవాళ్లు బెంగళూరుకో గోవాకో మకాం మార్చారు. ఉద్యోగం పేరు చెప్పి వెళ్లినవాళ్లూ ఉన్నారు.

మిగతా దేశంలో ఉన్న దారి కూడా 2025లో మూసుకుంది. ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ బిల్లు ఆగస్టు 20న లోక్‌సభలో, 21న రాజ్యసభలో పాసై, 22న రాష్ట్రపతి ఆమోదం పొందింది. నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ అది నిషేధించింది. ఆడించేవాళ్లకి మూడేళ్ల జైలు, కోటి రూపాయల జరిమానా దాకా. ప్రకటనలు ఇచ్చేవాళ్లకి రెండేళ్లు, 50 లక్షల దాకా. డబ్బు లావాదేవీలు నడిపే బ్యాంకులకీ శిక్షలున్నాయి. ఆడేవాడికి శిక్ష లేదు. పోకర్‌బాజీ లాంటి సైట్లు డబ్బు ఆటలు ఆపేశాయి. మన హైదరాబాద్ కంపెనీ, ఏ23 రమ్మీ నడిపే హెడ్ డిజిటల్ వర్క్స్, కర్ణాటక హైకోర్టులో సవాలు చేసింది. తర్వాత ఇలాంటి కేసులన్నీ సుప్రీంకోర్టుకి బదిలీ అయ్యాయి.

ఆటగాళ్ల గ్రూపుల్లో ఇప్పుడు అందరి చూపూ ఆ కేసు మీదే ఉంది. కోర్టు కొట్టేస్తే పాత రోజులు వస్తాయని ఆశ. నాకు ఆ ఆశ అర్థమవుతుంది కానీ లెక్క కుదరదు. ఎందుకంటే నిషేధానికి ముందే ఆన్‌లైన్ ఆట చిక్కిపోతోంది. 2023 అక్టోబరు 1 నుంచి డిపాజిట్ మొత్తం మీద 28 శాతం జీఎస్టీ వచ్చింది. 10 వేలు వేస్తే అందులో 2,187 రూపాయలు పన్ను కిందికే పోయేవి. మొదట్లో కంపెనీలు బోనస్‌ల రూపంలో దాన్ని తాము భరించాయి. భరించిన డబ్బు ఎక్కడో ఒకచోట తిరిగి రాబట్టుకోవాల్సిందే కదా. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ రేటు 40 శాతం అయ్యింది, క్యాసినోలకి కూడా. రేపు కోర్టు తలుపులు తెరిచినా, సరదాకి వచ్చేవాడి 10 వేలల్లో 2,857 రూపాయలు గుమ్మంలోనే పోతాయి. ముందు రేక్, తర్వాత గట్టి ఆటగాళ్లు, వాళ్లకంటే ముందు జీఎస్టీ. ఆ ఫిష్ ఎన్ని శుక్రవారాలు తిరిగి వస్తాడు?

గెలిచాక కట్టే పన్ను

ఆదాయపు పన్ను సంగతి తెలిసినవాళ్లు కూడా పూర్తిగా ఊహించరు. పేకాటలో గెలిచిన డబ్బుని మన చట్టం లాటరీ పక్కన కూర్చోబెట్టింది. నేరుగా 30 శాతం, సెస్సు కలిపితే 31.2. కనీస మినహాయింపు పరిమితి వర్తించదు. ఖర్చులు తీసేయడానికి లేదు, ఓడిన డబ్బు తీసేయడానికి లేదు. గోవా క్యాసినోలో ఏడాది మొత్తం మీద గెలిచిన రోజుల్లో 10 లక్షలు గెలిచి, ఓడిన రోజుల్లో 7 లక్షలు పోగొట్టుకున్న ఆటగాడిని తీసుకోండి. చేతిలో మిగిలింది 3 లక్షలు. కట్టాల్సిన పన్ను 3.12 లక్షలు. ఫ్లైటు, హోటల్ ఖర్చులు కలపకుండానే మైనస్ 12 వేలు.

ఆన్‌లైన్‌లో 2023 ఏప్రిల్ నుంచి లెక్క కొంచెం నయం. ఏడాదిలో వేసింది, తీసింది చూసి నికర గెలుపు మీదే 30 శాతం కోసేవారు. అయితే ఓడిన ఏడాది నష్టాన్ని గెలిచిన ఏడాదికి తీసుకెళ్లడానికి లేదు. ఊగిసలాటే వృత్తి స్వభావమైన చోట ఇది చిన్న విషయం కాదు. ఆ కాస్త నయమైన దారే ఇప్పుడు మూతబడింది. అమెరికా వాళ్లూ ఇదే దిక్కుకి వస్తున్నారు. 2026 నుంచి అక్కడ నష్టాల్లో 90 శాతం మాత్రమే మినహాయించుకోవచ్చు. లక్ష డాలర్లు గెలిచి లక్ష ఓడినవాడు కూడా 10 వేల మీద పన్ను కట్టాలి.

'అయితే లైవ్ టోర్నమెంట్లు కిటకిటలాడుతున్నాయిగా?' అంటారు. నిజమే. 2024లో మెయిన్ ఈవెంట్‌కి 10,112 మంది వచ్చారు, చరిత్రలో అదే ఎక్కువ. అదే ఏడాది బెంగళూరుకి చెందిన సంతోష్ సువర్ణ రెండున్నర లక్షల డాలర్ల ఎంట్రీ ఉన్న టోర్నమెంటు గెలిచి 54 లక్షల డాలర్లు అందుకున్నాడు. పోకర్ అనే ఆట చచ్చిపోవడం లేదు, నేను చెప్పేది అది కాదు. ఆటకి ఆదరణ ఉండటం వేరు, అందులో నెల జీతం ఉండటం వేరు. మెయిన్ ఈవెంట్ ఎంట్రీయే 10 వేల డాలర్లు. టోర్నమెంట్లలో ఊగిసలాట క్యాష్ ఆట కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, ఏడాదికి ఆడగలిగేవి కొన్నే. అక్కడ గెలిచిన భారతీయుడి బహుమతిలో 30 శాతం అమెరికా ప్రభుత్వమే ముందు కోసుకుంటుంది. పెద్ద టోర్నమెంట్లు ఆడేవాళ్లలో చాలామంది తమ వాటాలు ముందే అమ్ముకుంటారు, కాబట్టి వార్తల్లో కనిపించే మొత్తం చేతికొచ్చే మొత్తం కాదు.

మిగిలిన దారులు

పక్క ఆదాయాల మీద బతికే ప్రొఫెషనల్స్ ఎప్పుడూ ఎక్కువే. కోచింగ్, స్ట్రీమింగ్, సైటుకి ప్రచారం, రేక్‌లో కొంత వెనక్కి ఇచ్చే రేక్‌బ్యాక్. ఇవి ఆట మీద ఆధారపడని ఆదాయాలు అని చాలామంది నమ్మారు. 2025 ఆగస్టులో అన్నీ ఒకే వారంలో ఎండిపోయినప్పుడు తెలిసింది, అవన్నీ వేరే పైపుల్లోంచి వచ్చిన అదే డబ్బని. పైగా కోచింగ్‌లో ఒక చిత్రం ఉంది: ఫీజు తీసుకుని మీరు తయారుచేసేది రేపు మీ ఎదురుగా కూర్చునే గట్టి ఆటగాడినే.

స్టేకింగ్ అని ఇంకోటుంది. డబ్బున్నవాడు పెట్టుబడి పెడతాడు, ఆడేవాడు ఆడతాడు, లాభం చెరి సగం. నష్టం వస్తే అది 'మేకప్' పేరుతో ఆడేవాడి ఖాతాలో నిలబడుతుంది. దాన్ని పూడ్చేదాకా గెలిచినా అతనికి పైసా రాదు. టేబుల్ గట్టిపడ్డాక ఇది పాలేరు బాకీలాగే సాగుతుంది. మధ్యలో మానేస్తే పరువు పోతుంది, కొనసాగితే నెలలు పోతాయి.

ఇక చాటుమాటు ఆటలు. మొయినాబాద్, శంషాబాద్ వైపు ఫామ్‌హౌస్‌ల మీద పోలీసులు దాడి చేశారన్న వార్తలు మనకి కొత్త కాదు. విదేశీ సైట్లు, ఏజెంటు దగ్గర చిప్స్ కొని ఆడే క్లబ్ యాప్‌లు కూడా ఉన్నాయి. అక్కడ రేక్ ఎంతో ఆడించేవాడి ఇష్టం. ఎదురుగా ఉన్నది మనిషో, బాట్ అనే ప్రోగ్రామో, ఒకే గదిలో కూర్చున్న ముగ్గురు స్నేహితులో తెలుసుకునే దారి లేదు. అన్నిటికంటే ముఖ్యం, ఏజెంటు డబ్బు ఇవ్వకపోతే చేసేదేమీ లేదు. భారత కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందాలు చెల్లవు, ఆ బాకీ కోసం కోర్టుకెళ్లలేరు. గెలుపు శాతాన్ని మూడో దశాంశం దాకా లెక్కగట్టే కుర్రాళ్లు ఈ ఒక్క ప్రమాదానికి మాత్రం లెక్కలో గడి పెట్టరు, ఎందుకో మరి.

దీర్ఘకాలంలో ఈ ఆట మీద నిలబడేవాళ్లు ఎవరంటే, నాకు ముగ్గురే కనిపిస్తున్నారు. చాలా పెద్ద మొత్తాల ప్రైవేటు ఆటలకి పిలుపు అందుకునేవాళ్లు, అక్కడ కావాల్సింది సాల్వర్ జ్ఞానం కంటే పరిచయాలూ మాట తీరూ. చట్టం, పన్ను అనుకూలంగా ఉన్న దేశానికి శాశ్వతంగా వెళ్లిపోగలిగేవాళ్లు. వేరే ఉద్యోగం ఉంచుకుని వారాంతాల్లో మెత్తని టేబుల్ ఏరుకుని ఆడేవాళ్లు. మూడోవాళ్లని ప్రొఫెషనల్ అనరు కానీ, పైన వేసిన బ్యాంక్‌రోల్ లెక్కలో వాళ్లే అందరికంటే భద్రం. టేబుల్ నుంచి ఇంటి ఖర్చు తీయరు కాబట్టి.

ఇరవై నాలుగేళ్ల వయసులో ఉద్యోగం వదిలి ఐదేళ్లు ఆడినవాడు పోగొట్టుకునేది ఆ ఐదేళ్ల జీతం మాత్రమే కాదు. పీఎఫ్ లేదు, ఇంక్రిమెంట్ లేదు, కంపెనీ ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ లేదు. ఇంటి లోను కోసం వెళ్తే బ్యాంకు మేనేజర్ మూడేళ్ల రిటర్న్‌లు అడుగుతాడు, అందులో లాటరీ వరసలో రాసిన ఆదాయాన్ని ఆయన ఆదాయంగా చూడడు. పెళ్లి సంబంధాల దగ్గర అబ్బాయి ఏం చేస్తాడంటే ఇంట్లోవాళ్లు 'డేటా అనలిటిక్స్' అంటారు. ఆ అబద్ధంలో సగం నిజం లేకపోలేదు.

ఆ సగం నిజం వల్లనే కాబోలు, టేబుల్ వదిలిన వాళ్లలో కొందరు గచ్చిబౌలిలో ఫ్లాట్ తీసుకుని నాలుగు స్క్రీన్ల ముందు ఆప్షన్స్ ట్రేడింగ్‌కి కూర్చుంటున్నారు. అంచనాలు, బ్యాంక్‌రోల్, టిల్ట్ (ఓడిన కోపంలో అదుపు తప్పడం), అన్నీ తెలిసిన భాషే. పన్ను దగ్గర మాత్రం పెద్ద ఊరట: చట్టం దీన్ని వ్యాపారంగానే చూస్తుంది, ఖర్చులు తీసేయొచ్చు, నష్టాన్ని ఎనిమిదేళ్ల దాకా ముందుకి తీసుకెళ్లొచ్చు. ఫిష్ ఎవరన్న ప్రశ్నకి ఇక్కడ స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీయే లెక్క తీసి పెట్టింది. 2024 సెప్టెంబరులో అది విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ఆడిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు, మొత్తం 1.8 లక్షల కోట్లకి పైగా. 2023-24లో సొంత డబ్బుతో ట్రేడ్ చేసే సంస్థలు 33 వేల కోట్లు, విదేశీ ఇన్వెస్టర్లు 28 వేల కోట్లు స్థూల లాభం చేసుకున్నారు. అందులో 96, 97 శాతం అల్గారిథమ్‌లతో సంపాదించిందే.